కుదువ కొట్టు లైసెన్సు ఎవరి కంటికి కనబడాలి? రెవెన్యూ, పోలీసు, పురపాలక శాఖల అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, హోం, పురపాలక శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టరుగారికి, జిల్లా ఎస్పీగారికి,

నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో బంగారం పని చేసుకుని బతికే స్వర్ణకారుణ్ణి. నగ నాణ్యత చూసి చెప్పమని కుదువ (తాకట్టు) కొట్టువాళ్ళు పిలిచేది మమ్మల్నే. విడిపించుకున్న నగకు మెరుగు పెట్టమని ఇంటివాళ్ళు తెచ్చేదీ మా దగ్గరికే. దొంగ బంగారం కేసు ఏదైనా వస్తే పోలీసులు ముందుగా వచ్చేదీ మా అంగళ్ళకే. ఈ వ్యాపారాన్ని అన్ని వైపుల నుంచీ చూసినవాడిగా రాస్తున్నాను.

మా పేటలో ఏళ్ళ తరబడి నడిచిన ఒక కుదువ కొట్టు నిరుడు ఉన్నట్టుండి మూతపడింది. యజమాని ఊళ్ళో లేడు, ఫోను పలకదు. అందులో నగలు పెట్టినవాళ్ళు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కూలీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, టిఫిను బండ్లవాళ్ళు, కౌలు రైతులు. వాళ్ళ చేతుల్లో మిగిలినవి చిన్న చీటీలు. కొన్నింటి మీద కొట్టు పేరు కూడా లేదు. మనిషి పేరు, 'గొలుసు 1' అని ఒక మాట, బరువు, ఇచ్చిన మొత్తం, తేదీ, అంతే.

పోలీసు స్టేషనుకు వెళితే ఇది డబ్బు లావాదేవీ, సివిల్ కోర్టుకు వెళ్ళండి అన్నారు. తహసీల్దారు కార్యాలయంలో ఆ పేరుతో లైసెన్సు ఉందో లేదో చూసి చెబుతామన్నారు, చెప్పలేదు. మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు వరకే మా పని, కుదువ సంగతి మాకు తెలియదన్నారు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాం. కొన్నాళ్ళకు అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజి వచ్చింది. ఒక్క నగ తిరిగి రాలేదు, ఒక్క మనిషిని పిలిచి మాట్లాడలేదు. మండలంలో లైసెన్సు ఉన్న కుదువ వ్యాపారుల జాబితా ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడిగాను. 30 రోజుల గడువు దాటింది. మొదటి అప్పీలు వేశాను. దానికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

కొత్త చట్టం చేయమని అడగడం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ కుదువ వ్యాపారుల చట్టం ఉంది. లైసెన్సు లేకుండా కుదువ వ్యాపారం చేయకూడదని, వస్తువు పెట్టినవాడికి కుదువ చీటీ ఇవ్వాలని, లెక్కల పుస్తకం రాయాలని, గడువు దాటిన వస్తువును బహిరంగ వేలంలో అమ్మాలని అందులో ఉంది. దానికంటే పాతది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. కుదువ పెట్టిన వస్తువును అమ్మే ముందు యజమానికి సరైన నోటీసు ఇవ్వాలని, బాకీ పోను మిగిలిన డబ్బు అతనికే చెందుతుందని 176వ సెక్షన్ చెబుతుంది. అమ్మకం జరిగే క్షణం దాకా విడిపించుకునే హక్కు ఉంటుందని 177వ సెక్షన్ చెబుతుంది. ఇన్నేళ్ళలో మా పేటలో ఒక్క కుదువ వేలం దండోరా నేను వినలేదు. మిగులు డబ్బు చేతికి వచ్చిన మనిషిని చూడలేదు.

నా ఫిర్యాదు మొత్తం ఒక్క మాటలో ఇదీ: లైసెన్సు అనే కాగితం ఆఫీసు ఫైలుకూ వ్యాపారికీ మధ్యనే తిరుగుతోంది, నగ పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డ మనిషికి దానివల్ల ఏ రక్షణా అందడం లేదు. దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నదేమిటో వరసగా చెబుతాను.

1. ఏ కొట్టుకు లైసెన్సు ఉందో తెలుసుకునే దారి జనానికి లేదు. కొట్టులోకి వెళితే గోడ మీద ఫ్రేములు కట్టిన కాగితాలు చాలా కనిపిస్తాయి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు ఉంటుంది. కార్మిక శాఖ ఇచ్చే దుకాణం రిజిస్ట్రేషన్ ఉంటుంది. జీఎస్టీ సర్టిఫికెట్ ఉంటుంది. కాటాకు తూనికలు, కొలతల శాఖ వేసిన ముద్ర ఉంటుంది. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాలు ఇన్ని చూశాక అన్నీ సక్రమంగానే ఉన్నాయనుకుంటారు. వీటిలో ఏదీ కుదువ లైసెన్సు కాదు. ఆ తేడా చదువుకున్నవాళ్ళకే తెలియదు, వేలిముద్ర వేసే అవ్వకు ఎలా తెలుస్తుంది?

పైగా ఇది మీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన విషయం కూడా కాదు. ఏయే అనుమతులు ఎవరెవరికి ఇచ్చారో ఎవరూ అడగకుండానే ప్రతి ప్రభుత్వ కార్యాలయం ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో 13వ అంశంగా రాసి ఉంది. ఆ జాబితా తహసీల్దారు కార్యాలయం నోటీసు బోర్డు మీద ఉండి ఉంటే, మా పేటవాళ్ళలో సగం మందైనా ఆ కొట్టు మెట్లు ఎక్కేవాళ్ళు కాదని నా నమ్మకం.

లైసెన్సు లేకపోతే వ్యాపారికే నష్టం కదా అనేవాళ్ళూ ఉన్నారు. మామూలు అప్పు విషయంలో అది కొంత నిజమే. పక్కన తెలంగాణలో 1349 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి వడ్డీ వ్యాపారుల చట్టం ఉంది. లైసెన్సు లేనివాడు బాకీ కోసం దావా వేస్తే ఆ చట్టం ప్రకారం కోర్టు కొట్టేయాలి. నోటు మీద అప్పు ఇచ్చినవాడికి అది భయమే. కుదువ వ్యాపారి మాత్రం ఏ కోర్టుకూ వెళ్ళనక్కర్లేదు. అప్పు కంటే ఎక్కువ విలువైన వస్తువు ఆయన ఇనప్పెట్టెలోనే ఉంది. కోర్టు చుట్టూ తిరగాల్సింది నగ పోగొట్టుకున్న మనిషి. కాబట్టి ఈ వ్యాపారంలో లైసెన్సు ముందే తనిఖీ చేయాలి, కొట్టు మూతపడ్డాక చేసే విచారణ ఎవరికీ ఉపయోగపడదు.

2. చీటీ చీటీలా ఉండటం లేదు. బంగారం పనివాడిగా ఈ ముక్క కొంచెం వివరంగా చెప్పాలి. నగకు మొత్తం బరువు ఒకటి, రాళ్ళు, పూసలు, లక్క తీసేశాక వచ్చే నికర బరువు ఇంకొకటి. పెట్టుకునేటప్పుడు నికర బరువు చూసి అప్పు ఇస్తారు, చీటీ మీద మాత్రం ఏ బరువు రాశారో చెప్పరు. నాణ్యత రాయరు. విడిపించుకునేటప్పుడు తేడా వచ్చిందని ఎవరైనా అంటే తేల్చే ఆధారం ఏదీ ఉండదు. ఒక నగ బదులు అలాంటిదే ఇంకొకటి ఇచ్చారని నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్ళున్నారు. చూడగానే నాకు తేడా తెలుస్తుంది, కానీ రుజువు చేయడానికి వాళ్ళ దగ్గర కాగితం లేదు.

ఇప్పుడు దీనికి సులువైన మార్గం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులో అమ్మే హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ తప్పనిసరి. ఏ నగకు ఆ నగకే వేరుగా ఉండే గుర్తు అది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. ఆ గుర్తును చీటీ మీద రాస్తే నగ మారే అవకాశం ఉండదు. అమ్మమ్మల నాటి పాత నగలకు హెచ్‌యూఐడీ ఉండదు కాబట్టి వాటికి ఫొటో తీసి ఒక ప్రతి ఇవ్వాలి. ఫోను లేని కొట్టు ఇప్పుడు ఏదీ లేదు.

చీటీ పోయిందంటే ఇక నగ పోయినట్టే అని చాలామంది అనుకుంటారు. ఇల్లు కాలిందనో, వరద వచ్చిందనో చెప్పుకున్నా వినేవాళ్ళుండరు. చీటీ పోయినప్పుడు ఏం చేయాలో కొట్టులో తెలుగులో రాసి పెట్టాలి.

3. 'మునిగిపోయింది' అన్న ఒక్క మాటతో ఇంటి ఆస్తి పోతోంది. లెక్క చూడండి. 2023లో ఒకామె రెండు కాసుల గొలుసు, అంటే 16 గ్రాములు, పెట్టి 60,000 రూపాయలు తీసుకుందనుకుందాం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున రెండేళ్ళకు వడ్డీ 28,800. మొత్తం బాకీ 88,800. పది గ్రాముల మేలిమి బంగారం ధర 2025లో లక్ష దాటింది. లక్ష దగ్గరే లెక్క కట్టినా 22 క్యారెట్ల 16 గ్రాములు 1,46,000 రూపాయలకు పైమాటే. బాకీ అంతా తీరాక కూడా ఆమెకు 57,000 రావాలి. ఆ డబ్బు ఆమెది. గడువు దాటింది, మునిగిపోయింది అని చెప్పి పంపించేస్తే, వేలం వేయకుండా కరిగించేస్తే, అది ఆమె ఇంట్లో నుంచి 57,000 తీసుకుపోవడమే. బంగారం ధర పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతోంది. విడిపించుకోవడానికి గడువు ఇవ్వడం కంటే ముంచేయడమే వ్యాపారికి లాభం అనే పరిస్థితి వచ్చింది.

ఆ గొలుసు ఏ గొలుసో కూడా మీరు ఆలోచించాలి. మా పేటలో అవసరం పడితే మంగళసూత్రాలు పసుపు తాడుకు గుచ్చుకుని గొలుసు తీసుకెళ్ళి కుదువ పెడతారు. జూన్ నెలలో ఫీజులు, ఎరువులు, విత్తనాలు ఒకేసారి వచ్చిపడితే వీధిలో సగం మంది మెడల్లో పసుపు తాళ్ళే కనిపిస్తాయి. పంట వచ్చాక, కూలి డబ్బులు వచ్చాక మళ్ళీ గొలుసు మెడలోకి వస్తుందన్న నమ్మకంతోనే పెడతారు. అమ్ముకోవాలనుకుంటే నా దగ్గరికే తెచ్చి అమ్మేవాళ్ళు.

4. వడ్డీ ఎంతో ముందు తెలియదు. నూటికి రెండు రూపాయలు అని మాట చెబుతారు, మొదటి నెల వడ్డీ పట్టుకుని మిగతాది ఇస్తారు. నెల మీద ఒక్కరోజు దాటినా రెండో నెల వడ్డీ మొత్తం కట్టాలి. ఏడాది తిరిగాక కట్టలేకపోతే చీటీ తిరగరాస్తారు. పాత వడ్డీ కొత్త అసలులో కలిసిపోతుంది. నూటికి మూడు రూపాయల దగ్గర 40,000 తీసుకున్నవాడు ఏడాదికి 14,400 వడ్డీ కట్టాలి, తిరగరాశాక ఆ 14,400కి కూడా వడ్డీ కట్టాలి. వడ్డీ మీద చట్టం పరిమితి పెట్టింది. ఆ పరిమితి ఎంతో ఏ కొట్టు గోడ మీదా రాసి ఉండదు.

5. కుదువ పెట్టిన నగ మళ్ళీ కుదువకు పోతోంది. జనానికి అసలు తెలియని విషయం ఇదే. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తీసుకున్న నగను, అంతకంటే తక్కువ వడ్డీకి అప్పు దొరికేచోట వ్యాపారి తన పేరు మీద పెట్టి డబ్బు తెచ్చుకుని, ఆ డబ్బుతో మళ్ళీ కుదువలు పడతాడు. నడిచినంత కాలం నడుస్తుంది. ఎక్కడో ఒకచోట తేడా వస్తే కొట్టు మూతపడుతుంది, నగ ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఖాతాదారుల బంగారాన్ని ఇలా తిరిగి తాకట్టు పెట్టకూడదని 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. బాకీ తీర్చాక నగను 7 పనిదినాల్లో తిరిగి ఇవ్వాలని, తమ తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని కూడా ఉంది. చాలా మంచి నిబంధనలు. బ్యాంకుకు వెళ్ళగలిగినవాళ్ళకు ఆ రక్షణ దొరికింది. రాత్రి ఎనిమిదింటికి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టాల్సినవాళ్ళు, పాన్ కార్డు లేనివాళ్ళు, కూలి పోగొట్టుకుని బ్యాంకు క్యూలో నిలబడలేనివాళ్ళు కుదువ కొట్టుకే వెళతారు. వాళ్ళ నగలను చూసుకోవాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, దాని కింద మీరు.

6. పాత సామాను వ్యాపారం మీద చూపే లేదు. కుదువకు కనీసం ఒక చట్టం ఉంది. పాత ఫోన్లు, పాత బండ్లు, పాత ఇనుము, రాగి కొనేచోట మా ఊళ్ళో ఎవరూ ఏ పుస్తకమూ రాయరు.

రాగి విషయం ముందు చెబుతాను, ఎందుకంటే దెబ్బ తగిలేది రైతుకు. పొలాల్లో మోటారు కేబుళ్ళు కోసుకుపోతారు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి లోపలి రాగి తీగ లాక్కుపోతారు. దొంగకు వచ్చేది తూకానికి కొద్ది డబ్బు. రైతుకు మళ్ళీ కరెంటు వచ్చేదాకా నీళ్ళుండవు, ఈలోగా పైరు ఎండిపోతుంది. ఆ రాగి పైతొడుగు కాల్చేసి నల్లగా మారిన చుట్టలుగా పాత ఇనప కొట్టుకు చేరుతుంది. కాల్చిన రాగి తెచ్చినవాడిని ఆధార్ చూపించు అని అడిగితే ఈ దొంగతనాలు చాలావరకు ఆగిపోతాయి. కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు.

ఫోన్ల సంగతి. కొత్తది కొనలేని డిగ్రీ పిల్లవాడు ఐదారు వేలు పెట్టి పాత ఫోను కొంటాడు. అది దొంగ ఫోనైతే ఒకరోజు బ్లాక్ అవుతుంది, పైగా స్టేషను నుంచి పిలుపు వస్తుంది. ఎంత టెన్షనో ఊహించండి. కొనే ముందు కేవైఎం (KYM) అని రాసి పక్కన ఫోను గుర్తింపు నంబరు అయిన ఐఎంఈఐ చేర్చి 14422కు మెసేజి పెడితే ఫోను బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. 2023 మే నుంచి కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూసుకోవచ్చు. పాత ఫోన్లు కొని అమ్మేవాళ్ళు నిషేధిత ఐఎంఈఐల జాబితాతో సరిచూసుకోవాలని 2025లో కేంద్ర టెలికాం నిబంధనల్లో కూడా చేర్చారు. మా బజారులో ఈ మాట తెలిసిన కొట్టు నేను అడిగినంతలో కనబడలేదు.

పాత బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. వ్యాపారి రవాణా శాఖ దగ్గర అయిదేళ్ళకు చెల్లే అధికార పత్రం తీసుకోవాలి. అయినా ఫారం 29, 30ల మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకుని బండి చేతులు మారుస్తూనే ఉన్నారు. ఎవరో చేసిన తప్పుకు చలాన్లు అమ్మేసినవాడి ఇంటికి వస్తాయి.

7. రికవరీ పేరుతో అందరూ నష్టపోతున్నారు. దొంగ దొరికితే, ఫలానా కొట్టులో పెట్టానని చెబుతాడు. పోలీసులు వచ్చి వస్తువు తీసుకెళతారు. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఉండాలి కూడా. తెలిసి దొంగ బంగారం కొనేవాడి తరఫున నేను ఒక్క మాట మాట్లాడను. కానీ గుర్తింపు కార్డు చూసి, పుస్తకంలో రాసి, చీటీ ఇచ్చి తీసుకున్నవాడికి, ఏ పుస్తకం లేకుండా తీసుకున్నవాడికి తేడా చూడాలి కదా. ఇప్పుడు ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. కొన్నిసార్లు దొంగ చెప్పిన బరువుకు సరిపడా సొంత బంగారం, అంటే ఎదురు బంగారం, తెచ్చి ఇమ్మంటారు. పుస్తకం రాసినా రాయకపోయినా ఒకటే అయినప్పుడు పుస్తకం ఎవరు రాస్తారు?

సోదా, జప్తులను ఆడియో, వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. కోర్టు ముందు పెట్టిన సొత్తు వివరాలను 14 రోజుల్లో నమోదు చేయాలని, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఎవరికి అప్పగించాలో తేల్చాలని 497వ సెక్షన్ చెబుతోంది. ఇది అమలైతే ముందు బాగుపడేది నగ పోగొట్టుకున్న ఇల్లాలు. కూతురి పెళ్ళికి చేయించిన హారం దొరికిందని విని సంతోషించి, అది చేతికి వచ్చేసరికి పెళ్ళి అయిపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వ్యాపారి ఏ కులంవాడు, ఏ రాష్ట్రం నుంచి వచ్చాడు అన్న గొడవ ఈ లేఖలో లేదు. ఎవరైనా దాన్ని అలా తిప్పితే నేను ఒప్పుకోను. తాతల కాలం నుంచి ఇక్కడే ఉండి, చీటీ పద్ధతిగా రాసి, పేదవాడు వడ్డీ కట్టలేకపోతే ఇంకో ఏడాది ఆగే కొట్లు మా ఊళ్ళోనే ఉన్నాయి. లైసెన్సు ఫీజు కట్టి, పుస్తకాలు రాసి వ్యాపారం చేసే వాళ్ళకు, ఏమీ లేకుండా చేసేవాళ్ళతో పోటీ పడటం కష్టమవుతోంది. నిబంధనలు అందరికీ అమలైతే వాళ్ళూ నిలబడతారు.

మేం అడుగుతున్నవి ఇవి:

1. ప్రతి మండలంలో చెల్లుబాటులో ఉన్న కుదువ లైసెన్సుల జాబితాను, కొట్టు పేరు, చిరునామా, గడువు తేదీతో సహా తహసీల్దారు కార్యాలయంలో, గ్రామ, వార్డు సచివాలయాల్లో, జిల్లా వెబ్‌సైట్‌లో 30 రోజుల్లో పెట్టాలి. ఏటా కొత్తది పెట్టాలి.

2. లైసెన్సు నంబరు, గడువు, చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీ, ఫిర్యాదు చేయాల్సిన అధికారి హోదా, ఫోను నంబరు కొట్టు బయట తెలుగులో బోర్డు మీద రాయించాలి.

3. జిల్లా అంతటికీ ఒకే నమూనా చీటీ ఇవ్వాలి. మొత్తం బరువు, నికర బరువు, నాణ్యత, హెచ్‌యూఐడీ లేదా ఫొటో, అసలు, వడ్డీ రేటు, గడువు, వ్యాపారి సంతకం అందులో ఉండాలి. 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవద్దని ఆదాయపు పన్ను చట్టం అంటోంది కాబట్టి ఆ డబ్బు బ్యాంకు ఖాతాకే వెళ్ళాలి. అప్పు ఇచ్చినట్టు అదొక సాక్ష్యంగా కూడా ఉంటుంది.

4. వేలానికి ముందు యజమానికి రాతపూర్వక నోటీసు, ఫోనుకు మెసేజి వెళ్ళాలి. వేలం తేదీ సచివాలయం బోర్డు మీద పెట్టాలి. మిగులు డబ్బు యజమాని ఖాతాలో పడిందని రసీదు చూపనిదే లైసెన్సు రెన్యువల్ చేయకూడదు. అన్ని డిమాండ్లలోనూ మేం అసలు వదులుకోలేనిది ఇదే.

5. లైసెన్సు ఇచ్చేటప్పుడే, వ్యాపార పరిమాణాన్ని బట్టి వ్యాపారి దగ్గర బ్యాంకు గ్యారంటీగానీ నగలకు బీమాగానీ తీసుకోవాలి. తిరుగు తాకట్టు పెట్టినట్టు తేలితే లైసెన్సు రద్దు చేయాలి.

6. పాత సామాను కొట్లకు ఇచ్చే ట్రేడ్ లైసెన్సులోనే షరతులుగా గుర్తింపు కార్డు, కొనుగోలు రిజిస్టరు, ఫోన్లకు ఐఎంఈఐ తనిఖీ, కాల్చిన రాగికి పూర్తి నిషేధం పెట్టాలి. ఎవరి దగ్గరైనా కొన్న పాత బంగారాన్ని కనీసం 15 రోజులు కరిగించకుండా ఉంచాలి. ఈ షరతుకు స్వర్ణకారులం ముందుగా మేమే ఒప్పుకుంటాం. చిత్తు కాగితాలు, సీసాలు ఏరుకుని తోపుడు బండ్ల మీద తిరిగేవాళ్ళను మాత్రం ఈ కాగితాల నుంచి మినహాయించాలి. వాళ్ళ బతుకు తెరువు మీద ఇంకో లంచం గేటు పెట్టవద్దు.

7. రికవరీకి వచ్చే పోలీసులు రాతపూర్వక నోటీసు, పంచనామా ప్రతి, వీడియోతోనే సొత్తు తీసుకోవాలి. ఎదురు బంగారం అడగడం ఆపాలని స్టేషన్లకు ఎస్పీగారు సర్క్యులర్ పంపాలి.

8. మా పేటలో మూతపడిన కొట్టు విషయంలో, చీటీలు ఉన్న కుటుంబాలన్నింటి వాంగ్మూలం ఒకేచోట నమోదు చేసి కేసు కట్టాలి. నమ్మి అప్పగించిన సొత్తును కాజేయడం నేరమే. దాన్ని సివిల్ తగాదా అని పంపేయడం న్యాయం కాదు. ఆ నగలు ఏ బ్యాంకులోనైనా, ఏ ఫైనాన్సు కంపెనీలోనైనా తిరుగు తాకట్టులో ఉంటే వేలం వేయకుండా ఆపించాలి. దీనికి రోజులు లెక్క. ఆలస్యమైతే ఆ నగలు కరిగిపోతాయి, ఆ తర్వాత ఏ ఉత్తర్వూ వాటిని తిరిగి తేలేదు.

ఈ లేఖ ప్రతిని చీటీల నకళ్ళతో సహా వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీగా ఇస్తున్నాం. ఫోనుకు వచ్చే మెసేజి మాకు జవాబు కాదు. ప్రతి డిమాండు మీద ఏం చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో అధికారి సంతకంతో రాతపూర్వకంగా కావాలి. మొదటి, ఎనిమిదో డిమాండ్ల మీద 30 రోజుల్లో జవాబు రాకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు, హైకోర్టులో పిటిషను వేయాలని కుటుంబాలన్నీ కలిసి నిర్ణయించుకున్నాయి.

ఇట్లు,
ఒక స్వర్ణకారుడు, నగలు పోగొట్టుకున్న కుటుంబాల తరఫున
గుంటూరు జిల్లా